బిడ్డ గుండె చప్పుడు: బెల్టా, గొట్టమా?

గొలుగొండ మండలం నుంచి, ఆ పైన కొండల వైపు గ్రామాల నుంచి పరీక్షకు వచ్చే తల్లులు మమ్మల్ని తరచుగా ఒక మాట అడుగుతుంటారు. పట్నంలో కాన్పు అయిన ఒదినకో చెల్లికో పొట్టకు బెల్టులు కట్టి, కాగితం మీద గీతలు తీశారట. ఇక్కడ సిస్టరమ్మ చిన్న గొట్టం పెట్టి విని పంపించేస్తోంది. మరి మా బిడ్డను సరిగా చూసినట్టేనా అని. న్యాయమైన ప్రశ్నే.

ఆ బెల్టుల యంత్రాన్ని సి.టి.జి. అంటారు. ఒక బెల్టు బిడ్డ గుండె వేగాన్ని, రెండోది తల్లి నొప్పులను నమోదు చేస్తుంది. బాకాలాంటి గొట్టమేమో ఫ్రాన్సు దేశపు వైద్యుడు అడాల్ఫ్ పినార్ 1895లో రూపొందించినది. ఇప్పుడు చేతిలో ఇమిడే డాప్లర్ కూడా వచ్చింది. దానితో అయితే చప్పుడు తల్లికీ, పక్కన నిలబడ్డ అత్తగారికీ కూడా వినిపిస్తుంది. ఆ టకటక వినగానే ముఖాలు ఎలా వెలుగుతాయో చూసి తీరాలి!

ఏ ఇబ్బందీ లేని తల్లికి నొప్పులు వచ్చినంతసేపూ సి.టి.జి. పెట్టి ఉంచనక్కరలేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లో సూచించింది. నొప్పులు బాగా అందుకున్నాక 15 నుంచి 30 నిమిషాలకోసారి, బిడ్డ బయటికి వచ్చే దశలో 5 నిమిషాలకోసారి, ప్రతిసారీ కనీసం ఒక నిమిషం వింటే చాలు. సాధారణంగా నిమిషానికి 110 నుంచి 160 సార్లు కొట్టుకోవాలి. ఎడతెగకుండా యంత్రం పెట్టినందువల్ల పుట్టిన బిడ్డలకు ఫిట్స్ రావడం తగ్గిందిగాని మరణాలు తగ్గినట్టు పరిశోధనల్లో తేలలేదు. ఆపరేషన్లు మాత్రం పెరిగాయి. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన రాష్ట్రంలో నూటికి 42 కాన్పులు ఆపరేషన్లే. (అవన్నీ ఈ యంత్రం వల్లే అని మేము అనడం లేదు.)

హైదరాబాదులో ఫెర్నాండెజ్ ఆసుపత్రి 2011లో మిడ్‌వైఫ్‌లకు శిక్షణ మొదలుపెట్టింది. 2017లో తెలంగాణ ప్రభుత్వం, 2018లో కేంద్ర ప్రభుత్వం ఆ దారి పట్టాయి. మిడ్‌వైఫ్ దగ్గర తల్లి మంచానికి కట్టుబడి ఉండదు. నడవవచ్చు, కూర్చోవచ్చు, పక్కకు తిరగవచ్చు. బెల్టు జారి అంకె పడిపోయినప్పుడల్లా గుండె గుభేలుమనే బాధ ఉండదు. అయితే, యంత్రం మోగుతూ ఉంటేనే తమకు ధైర్యమనే తల్లులూ ఉన్నారు. వారి మాటను మేము తేలిగ్గా తీసుకోము.

బెల్టు తప్పనిసరిగా కావలసిన సందర్భాలూ ఉన్నాయి. బి.పి. ఎక్కువగా ఉన్నా, నెలలు నిండకముందే నొప్పులు వచ్చినా, ముందు కాన్పు ఆపరేషన్ అయినా, ఉమ్మనీరు పచ్చగా పోయినా, రక్తస్రావం ఉన్నా, నొప్పులకు సెలైన్ పెట్టినా మిడ్‌వైఫ్ మిమ్మల్ని డాక్టరు గారి దగ్గరకు పంపుతుంది. అప్పుడు నొచ్చుకోకండి.

ఇక అసలు సంగతి. పరీక్షకూ పరీక్షకూ మధ్య వారాల తరబడి బిడ్డను చూసుకునేది ఎవరు? తల్లే. బిడ్డ కదలడం మీకు తెలిసినట్టు మరెవరికీ తెలియదు. ఏడో నెల దాటాక ఏ వేళ ఎలా తన్నుతుందో మీకే అలవాటవుతుంది. నెలలు నిండేకొద్దీ చోటు చాలక బిడ్డ కదలదని పెద్దవాళ్లు చెబుతుంటారు. అది నిజం కాదు. కదిలే తీరు కొంత మారవచ్చుగాని కదలికలు తగ్గిపోకూడదు.

అనుమానంగా ఉంటే పని పక్కన పెట్టి ఎడమవైపు తిరిగి పడుకుని గమనించండి. రెండు గంటల్లో పది కదలికలు తెలియకపోతే వెంటనే బయలుదేరండి. కదలిక పూర్తిగా ఆగినట్టనిపిస్తే ఆ రెండు గంటలు కూడా చూడవద్దు. చల్లని నీళ్లు తాగి చూద్దాం, పొలం నుంచి ఆయన వచ్చాక వెళదాం, తెల్లవారనీ అని ఆగవద్దు. ఇంట్లో ఎవరో డాప్లర్ పెట్టి చప్పుడు వినిపించినా సరే, ఆగవద్దు. గుండె కొట్టుకుంటూనే ఉన్నా బిడ్డకు ఇబ్బంది ఉండవచ్చు. కదలిక తగ్గిందన్నప్పుడు మేము కూడా గొట్టంతో విని ఊరుకోము, సి.టి.జి. పెట్టి చూస్తాము.

రాత్రయినా ఆదివారమైనా రండి. బండి దొరకకపోతే 108కి ఫోన్ చేయండి. తల్లీబిడ్డల కార్డు వెంట తెచ్చుకోండి. గుమ్మంలోనే సిస్టరుతో ‘బిడ్డ కదలిక తగ్గింది’ అని చెప్పండి. ఓ.పి. చీటీ వరుసలో నిలబడనక్కరలేదు.