వార్తల్లో పదం: సైకియాట్రిస్టు

‘నిన్ను ఎర్రగడ్డలో చేర్పించాలి’ అని హైదరాబాద్‌లో, ‘చినవాల్తేరు పంపాలి’ అని విశాఖలో వేళాకోళమాడడం పాత అలవాటే. అక్కడి మానసిక వైద్యశాలల్లో మందు రాసే సైకియాట్రిస్టు ఏం చదివి వస్తారో మాత్రం చాలామందికి తెలియదు. సైకాలజిస్టూ ఆయనా ఒకటే అనుకుంటారు.

నిజానికి సైకియాట్రిస్టు ముందు మామూలు డాక్టరే. ఇంటర్న్‌షిప్‌తో కలిపి ఐదున్నరేళ్ల ఎంబీబీఎస్, నీట్ పీజీ, ఆపై సైకియాట్రీలో మూడేళ్ల ఎండీ లేదా డీఎన్‌బీ. మెడికల్ కౌన్సిల్‌లో పేరు నమోదైతేనే ప్రాక్టీసు. సైకియాట్రిస్టు అని ఎవరిని అనాలో 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం నిర్వచించింది కూడా.

పీజీ విద్యార్థి మొదట నేర్చుకోవాల్సింది వినడం. ‘తలలో చీమలు పాకుతున్నాయి’ అని రోగి అంటే కేసు షీటులో ఆ మాటే రాయాలి. వైద్య పరిభాష తర్వాత. నిద్రెలా పడుతోంది, ఆకలేస్తోందా అని ఆరా తీయాలి. అవసరమైతే థైరాయిడ్ పరీక్షా రాయాలి. ఆ గ్రంథి మందగించినా దిగులు కమ్మేస్తుంది మరి!

ఎండీతో ఆగి అన్ని రకాల కేసులూ చూసేవాళ్లే ఎక్కువ. పిల్లలు, వృద్ధులు, వ్యసనపరులు... ఏదో ఒక వర్గం వైపే మనసు లాగితే బెంగళూరులోని మానసిక వైద్య సంస్థ నిమ్హాన్స్‌లో మూడేళ్ల డీఎం కోర్సు ఉంది. అంటే ఇంటర్ అయ్యాక సుమారు పన్నెండేళ్ల చదువు.