రెండు గీతల సిగ్నల్ ఉంది, కాల్ మాత్రం వెళ్లలేదు

మారేడుమిల్లి దాటి చింతూరు వైపు వెళ్లే ఘాట్ రోడ్డు. ముందు వెళ్తున్న మా ఫ్రెండ్ బైక్ ఒక మలుపులో తడి ఆకుల మీద జారింది. బండి ఒకవైపు, వాడొకవైపు. హెల్మెట్ ఉంది కాబట్టి తలకి ఏం కాలేదు, కాలు మాత్రం కదపలేకపోతున్నాడు. వెంటనే ఫోన్ తీశాను. పైన 4జీ అని, పక్కన రెండు గీతలు. హమ్మయ్య అనుకుని 108 కొట్టాను. పది సెకన్లు 'డయలింగ్', ఆ తర్వాత 'కాల్ ఎండెడ్'. మళ్లీ కొట్టాను. మళ్లీ అదే.

కొండల్లో సిగ్నల్ ఉండదని అందరికీ తెలుసు, దాని మీద నాకు కోపం లేదు. 'నో సర్వీస్' అని చూపిస్తే ఎవరో ఒకరం బండేసుకుని వెనక్కి వెళ్లేవాళ్లం. రెండు గీతలు చూపించింది కాబట్టే అక్కడే నిలబడి ఐదు నిమిషాలు రీడయల్ కొట్టుకుంటూ కూర్చున్నాను.

చివరికి ఎదురుగా వస్తున్న వ్యాన్ ఆగింది. డ్రైవర్ అన్న తన కీప్యాడ్ ఫోన్ తీసి కొడితే మొదటిసారికే కలిసింది. "మీ పెద్ద ఫోన్లు ఇక్కడ ఇంతే తమ్ముడూ" అన్నాడు. అంబులెన్స్ కోసం ఎదురుచూస్తూ నేను ఏరోప్లేన్ మోడ్ ఒకసారి ఆన్ చేసి ఆఫ్ చేశాను. కొద్ది సెకన్లలోనే నా ఫోన్ నుంచి కూడా కాల్ వెళ్లింది. అంటే టవర్ అక్కడే ఉంది, సిగ్నలూ ఉంది. ఇరుక్కుపోయింది ఫోనే.

లాగ్స్ తీయలేదు కాబట్టి కచ్చితంగా ఇదే కారణం అని చెప్పను. నా అనుమానం మాత్రం ఇది. 4జీలో మాట డేటాగానే వెళ్తుంది. పైన కనిపించే గీతలు టవర్‌తో రేడియో సంబంధం ఎంత బలంగా ఉందో మాత్రమే చెప్తాయి. కాల్ వెళ్లాలంటే ఫోన్ ఐఎంఎస్ అనే ఇంకో వ్యవస్థలో విడిగా రిజిస్టర్ అవ్వాలి. ఘాట్‌లో ప్రతి మలుపుకీ సిగ్నల్ వస్తూ పోతూ ఉంటుంది, అలా రిజిస్ట్రేషన్ ఫెయిలైన ప్రతిసారీ ఫోన్ మళ్లీ ప్రయత్నించే ముందు ఇంకాస్త ఎక్కువసేపు ఆగుతుంది. ప్రమాణాల ప్రకారం ఈ విరామం 30 సెకన్ల లెక్కతో మొదలై రెట్టింపు అవుతూ గరిష్ఠంగా 1800 సెకన్ల దాకా పోవచ్చు. అంటే అరగంట! 2జీ, 3జీ లేని నెట్‌వర్క్ అయితే ఆ లోపు వెనక్కి తగ్గడానికి వేరే దారి కూడా ఉండదు.

ఇలా ఆగడం తప్పేం కాదు. పడిపోయిన సర్వర్ లేవగానే లక్షల ఫోన్లు ఒకేసారి మీద పడకూడదు కదా. కానీ మనిషి స్వయంగా డయల్ బటన్ నొక్కినప్పుడైనా ఆ టైమర్‌ని పక్కన పెట్టాలి. అదీ కుదరకపోతే "సిగ్నల్ ఉంది, కాల్స్ సిద్ధంగా లేవు" అని ఒక్క ముక్క చూపించాలి.

ఇంతకన్నా ఘోరమైనది 2021 చివర్లో జరిగింది. అమెరికాలో ఒక పిక్సెల్ 3 యూజర్ తన అమ్మమ్మకి స్ట్రోక్ వచ్చినట్టుందని 911కి కాల్ చేస్తే ఫోన్ అక్కడికక్కడే బిగుసుకుపోయింది. అదృష్టం కొద్దీ ఇంట్లో ల్యాండ్‌లైన్ ఉంది. గూగుల్ ఆరా తీస్తే తేలిందేంటంటే, ఆ ఫోన్‌లో మైక్రోసాఫ్ట్ టీమ్స్ ఇన్‌స్టాల్ అయి ఉంది గానీ లాగిన్ అవ్వలేదు. అలాంటి స్థితిలో యాప్ తెరిచిన ప్రతిసారీ సిస్టమ్‌లో ఒక కొత్త ఫోన్ అకౌంట్ నమోదయ్యేది. ఎమర్జెన్సీ కాల్ సమయంలో ఆ అకౌంట్లను వరసలో పెట్టే కోడ్ రెండు పూర్ణాంకాలను తీసివేసి పోల్చేది. ఆ తేడా 2,147,483,647 దాటితే గుర్తు తిరగబడి వరస మొత్తం తప్పి క్రాష్. జావా ల్యాబ్‌లో కంపేరేటర్‌ని తీసివేతతో రాసిన ప్రతి ఒక్కరూ (నాతో సహా) ఇక్కడ ఒక్క క్షణం తల దించుకోవాలి. 2022 జనవరి అప్‌డేట్‌తో ఆండ్రాయిడ్ వైపు సరిచేశారు.

మన తెలుగుకీ ఇందులో వాటా ఉందండోయ్. 2018 ఫిబ్రవరిలో ఐఫోన్లను కూల్చేసిన అక్షరం మనదే. మామూలు 'జ్ఞానం' రాస్తే ఏమీ కాదు. 'జ్ఞ'కీ దీర్ఘానికీ మధ్య కంటికి కనిపించని ఒక యూనికోడ్ గుర్తు దూరితే దాన్ని గీయలేక యాప్ మూతపడేది. అది నోటిఫికేషన్‌గా వచ్చిందా, హోమ్ స్క్రీనే పడిపోయేది. ఫిబ్రవరి 19న ఐఓఎస్ 11.2.6తో పోయింది. అప్పట్లో అందరూ దాన్ని జోక్‌గా ఫార్వర్డ్ చేసుకున్నారు. నాకు మాత్రం, కోట్ల మంది రాసే లిపిని సరిగా టెస్ట్ చేయలేదన్న విషయమే గుర్తుండిపోయింది.

అలారం సంగతి కూడా చెప్పాలి. 2011 జనవరి 1న ఐఫోన్లలో ఒక్కసారికి పెట్టుకున్న అలారాలు మోగలేదు, 2న కూడా అంతే. మూడో తారీఖున వాటంతట అవే బాగుపడ్డాయి. అందుకే గుడిస కొండ మీద సూర్యోదయం చూడ్డానికి తెల్లవారుజామున జీపు మాట్లాడుకుంటే, ఇద్దరి ఫోన్లలో అలారం పెట్టడం మా గ్యాంగ్ రూల్.

ఇలాంటివి మన రివ్యూల్లో ఎక్కడైనా కనిపిస్తాయా? బెంచ్‌మార్క్ స్కోరుకి రెండు పేరాలు, కెమెరాకి పది ఫొటోలు. సిగ్నల్ పోయి తిరిగొచ్చాక కాల్ కలవడానికి ఎంతసేపు పట్టిందో మాత్రం ఎవరూ కొలవరు. పెద్ద ల్యాబ్ అక్కర్లేదు. రంపచోడవరం నుంచి మారేడుమిల్లి దాకా ఒక ట్రిప్ వేసి, సిగ్నల్ తిరిగొచ్చిన ప్రతి చోటా ఒక కాల్ చేస్తే చాలు. ఇకమీదట నా చేతికొచ్చిన ఫోన్లకి నేను చేయబోయేది అదే.

ఈలోగా మీరు ఘాట్ ఎక్కితే గీతలుండీ కాల్ వెళ్లకపోతే నాలాగా రీడయల్ కొట్టకండి, ముందు ఏరోప్లేన్ మోడ్ ఆన్-ఆఫ్ చేయండి. రెండో సిమ్ వేరే కంపెనీది, 2జీ కూడా ఉన్నది పెట్టుకోండి. 112 కూడా గుర్తుంచుకోండి. మీ సిమ్‌కి సర్వీస్ లేకపోయినా, అందుబాటులో ఉన్న వేరే నెట్‌వర్క్ మీదుగా వెళ్లడానికి ప్రయత్నించే నంబర్ అది.

మా వాడికి చీలమండ దగ్గర చిన్న క్రాక్. ఆరు వారాల కట్టు. ఇంటికొచ్చాక ఫోన్ కంపెనీకి టైమ్, సాఫ్ట్‌వేర్ వెర్షన్, స్క్రీన్‌షాట్ అన్నీ పెట్టి బగ్ రిపోర్ట్ పంపాను. "మా వైపు ఈ సమస్య రావడం లేదు, మళ్లీ వచ్చేలా చేయడానికి స్టెప్స్ పంపగలరు" అని జవాబొచ్చింది. పంపాను. స్టెప్ 1: రాజమండ్రిలో బండెక్కండి.