బొమ్మల పరీక్ష కోర్టు దాకా ఎలా వెళ్లింది?

ఈ ఎపిసోడ్‌లో మిమ్మల్ని 1950ల అమెరికాకి తీసుకెళ్తాను. అక్కడ చాలా రాష్ట్రాల్లో నల్లజాతి పిల్లలకు ఒక బడి, తెల్లజాతి పిల్లలకు ఇంకో బడి. రెండు చోట్లా సౌకర్యాలు సమానంగా ఉంటే వేరుగా ఉంచినా తప్పులేదని 1896లోనే, ఒక రైలు పెట్టెల కేసులో, సుప్రీంకోర్టు చెప్పేసింది. సరే, బిల్డింగులు, పుస్తకాలు, జీతాలు అన్నీ నిజంగానే సమానం అనుకోండి. అప్పుడు ఆ పిల్లలకు జరిగే నష్టాన్ని కోర్టులో ఎలా చూపిస్తారు?

లాయర్లకు దొరికిన ఒక సమాధానం కెనెత్ క్లార్క్, మేమీ క్లార్క్‌ల బొమ్మల పరీక్ష. ఇద్దరూ నల్లజాతి సైకాలజిస్టులు, భార్యాభర్తలు. రంగు తప్ప అన్నీ ఒకేలా ఉన్న బొమ్మల్ని చిన్నపిల్లల ముందు పెట్టేవాళ్లు. మంచి బొమ్మ ఏది? చెడ్డగా కనిపించేది ఏది? చివర్లో, నీలా ఉన్నది ఏది? నల్లబొమ్మ చెడ్డదని అప్పుడే చెప్పిన పిల్లకి ఆ చివరి ప్రశ్న ఎలా తగులుతుందో ఊహించండి. కొందరు ఏడ్చేశారు కూడా. సౌత్ కరోలినా కేసు కోసం 1951లో 16 మందిని అడిగితే, 10 మంది తెల్లబొమ్మనే ఇష్టపడ్డారు.

1954 మే 17న బ్రౌన్ కేసులో తొమ్మిది మంది జడ్జీలూ ఒక్కమాటగా వేరు బడులు చెల్లవన్నారు. తీర్పులో 11వ ఫుట్‌నోట్‌లో మొదటి పేరు క్లార్క్‌దే.

ఇక్కడిదాకా మీరు వినే ఉంటారు. అసలు చిక్కు ఇక్కడుంది. ఆ దంపతుల 1947 పేపర్‌లోనే, ఉత్తరాదిలో తెల్లపిల్లలతో కలిసి చదివే నల్లపిల్లలు తెల్లబొమ్మను కోరుకోవడం దక్షిణాది వేరు బడుల పిల్లలకంటే కాస్త ఎక్కువే! మరి నష్టం బడి వల్లా, చుట్టూ ఉన్న సమాజం వల్లా? ఆ పరీక్ష దీన్ని విడదీసి చెప్పలేదు. తీర్పు న్యాయమైనదే. కానీ హక్కుని పరీక్ష ఫలితాల మీద నిలబెడితే, అవతలివాళ్లూ ఫలితాలు పట్టుకొస్తారు కదా!

తెచ్చారు కూడా. మేమీకి పీహెచ్‌డీ గైడ్‌గా ఉన్న హెన్రీ గారెట్ వర్జీనియా కేసులో వేరు బడుల తరఫున సాక్ష్యం చెప్పాడు. 1963లో జార్జియాలోని సవానాలో అలాంటి నిపుణుల మాట నమ్మి ఒక జిల్లా జడ్జి వేరు బడులే మేలన్నాడు. పై కోర్టు కొట్టేసింది. బ్రౌన్ తీర్పు ఉండగా, కింది కోర్టు కొత్త సాక్ష్యాలతో దాన్ని తిరగదోడటానికి వీల్లేదంది.