పొగ వీడిన వంటిల్లు

వర్నిలోని మా పెంకుటింట్లో కట్టెల పొయ్యి పొగకు అమ్మ దగ్గు మానేది కాదు, కషాయమిచ్చినా తిరగబెట్టేది. శ్వాసవ్యాధికి ధూళి, పొగ కారణాలని చరకసంహిత చెబుతున్నది. కారణాన్ని తొలగించడమే, అనగా నిదాన పరివర్జనమే, తొలి చికిత్స.

అందుకే వంటింటి మరమ్మతుకు నేనే పూనుకున్నాను. పొయ్యిని కిటికీ చెంతకు మార్చి, దానిపై రేకు గొట్టాన్ని కప్పు దాటేటట్లు అమర్చాను. గోడల మసిని తడిపి గీకాను. పొడిగా గీకితే ధూళి ఊపిరితిత్తులకు చేరుతుంది. రాతిసున్నాన్ని రాత్రంతా నానబెట్టి, వడగట్టి, రెండు పూతలు వేశాను. సున్నపు క్షారగుణం బూజును నివారిస్తుంది. నీరు పోయగానే సున్నం మరిగి చిందుతుంది. కంట పడితే వెంటనే మంచినీటితో చాలాసేపు కడిగి వైద్యుణ్ణి చూడాలి.

ఖర్చు గొట్టానికీ, సున్నానికీ మాత్రమే. అమ్మ దగ్గు నెమ్మదించింది. అయినా రెండు వారాలు మించిన దగ్గును ఎవరూ ఉపేక్షించరాదు; కఫపరీక్ష చేయించుకోవాలి.