ఫొటో చూసి కత్తి మంచిచెడ్డలు ఎంతవరకు చెప్పగలం?

అమెరికన్ బ్లేడ్‌స్మిత్ సొసైటీలో 'జర్నీమ్యాన్ స్మిత్' హోదా కావాలనుకునే వ్యక్తి తన చేతులతో చేసిన ఒక కత్తిని వదులుకోవడానికి సిద్ధపడాలి. కత్తి అలుగు పొడవు 10 అంగుళాలకు మించకూడదు. దానితో ముందుగా గాలిలో వేలాడుతున్న అంగుళం మందం తాడును ఒక్క వేటుకు తెగ్గొట్టాలి. తర్వాత ఇళ్ల కట్టుబడికి వాడే మందపాటి చెక్కను రెండుసార్లు అడ్డంగా నరికి ముక్కలు చేయాలి. ఇంత పని చేశాక కూడా అదే అంచు ముంజేతి మీది వెంట్రుకలను గొరగగలగాలి. చివరగా అలుగును వైస్‌లో బిగించి 90 డిగ్రీలు వంచుతారు. విరిగి రెండు ముక్కలైతే ఆ రోజుకు పరీక్ష పోయినట్టే. ఇది నెగ్గినవాళ్లు మరో ఐదు కత్తులు తెచ్చి, వాటి పనితనాన్ని అనుభవజ్ఞుల ముందు పెట్టాలి.

1976లో ఏర్పడిన ఆ సంస్థ పరీక్షలో మాటలకు చోటు చాలా తక్కువ. తాడు తెగిందా లేదా, అలుగు విరిగిందా లేదా అన్నది అందరికీ కనిపిస్తుంది.

ఇంటి వెనుక షెడ్డులో చిన్న కొలిమి పెట్టుకుని సరదాగా కత్తులు చేసేవారికి ఈ సౌకర్యం ఉండదు. నెలల తరబడి కష్టపడి చేసిన కత్తికి నాలుగు ఫొటోలు తీసి తోటివారికి చూపిస్తారు. 'చాలా బాగుంది' అని కొందరు, 'పిడి లావైంది' అని కొందరు అంటారు. ఎవరో ఒకరు 'అలుగు చేత్తో నొక్కితే వంగుతోందంటే ఉక్కు సరిగ్గా గట్టిపడలేదు' అని తేల్చేస్తారు. ఈ చివరి మాట చాలా తరచుగా వినిపిస్తుంది. భౌతికశాస్త్రం ప్రకారం అది తప్పు.

కత్తి ఎంత తేలిగ్గా వంగుతుందనేది రెండు విషయాల మీద ఆధారపడుతుంది. ఒకటి పదార్థం, రెండోది ఆకారం. పదార్థం వాటాను యంగ్ గుణకం చెబుతుంది. ఉక్కుకు అది సుమారు 200 గిగాపాస్కల్స్. ఎర్రగా కాచి నూనెలో ముంచి గట్టిపరిచిన ఉక్కుకైనా, మెత్తగా వదిలేసిన ఉక్కుకైనా ఈ అంకె దాదాపు ఒకటే. ఆకారం సంగతి అలా కాదు. అలుగు వంగకుండా నిలిచే శక్తి దాని మందం ఘనాన్ని బట్టి మారుతుంది. 4 మిల్లీమీటర్ల అలుగును అరగదీసి 2 మిల్లీమీటర్లకు తెస్తే అది ఎనిమిది రెట్లు తేలిగ్గా వంగుతుంది. చేపను ముల్లు నుంచి వేరుచేసే పల్చటి కత్తి అలా వంగాలనే దాన్ని అంత పల్చగా చేస్తారు.

కొలిమి పని బయటపడేది వదిలేశాక. గట్టిపరిచిన ఉక్కు చాలా దూరం వంగి కూడా తిరిగి నిటారుగా వస్తుంది. మెత్తటిది వంగిన చోటే ఉండిపోతుంది. మరీ గట్టిపడి పెళుసుగా మారినది పుటుక్కున విరుగుతుంది. అందుకే విమర్శకుడు అడగాల్సిన ప్రశ్న 'వంగిందా?' అన్నది కాదు, 'వదిలితే తిరిగి వచ్చిందా?' అన్నది. మొదటి ప్రశ్నకు వచ్చే జవాబు నమ్మి కొత్త చేతివాటం ఉన్న కుర్రాడు కొలిమి వేడి ఇంకా పెంచితే, బాగున్న పద్ధతి కాస్తా చెడుతుంది.

వేడి పెంచితే ఎందుకు చెడుతుందో చూద్దాం. కొత్తవాళ్లు ఎక్కువగా వాడే 1084 రకం ఉక్కులో కార్బన్ 0.84 శాతం దాకా ఉంటుంది. దాన్ని సుమారు 815 డిగ్రీల సెల్సియస్ దాకా కాస్తారు. థర్మామీటర్ లేనివాళ్లు అయస్కాంతం వాడతారు. 770 డిగ్రీల దగ్గర ఇనుము అయస్కాంతానికి అతుక్కోవడం మానేస్తుంది, అక్కడి నుంచి ఇంకొంచెం కాస్తే చాలు. అప్పుడు వెంటనే నూనెలో ముంచితే కార్బన్ అణువులు బయటికి జారుకునే వ్యవధి లేక ఇనుప స్ఫటికాల్లో ఇరుక్కుపోతాయి. అలా పుట్టే మార్టెన్‌సైట్ గాజులా గట్టిగా, గాజులాగే పెళుసుగా ఉంటుంది. దాన్ని మళ్లీ 200 డిగ్రీల దగ్గర రెండు గంటలు ఉంచితే పెళుసుతనం తగ్గుతుంది. వంటింటి ఓవెన్ ఇందుకు సరిపోతుంది. మొదటి దశలో వేడి మరీ ఎక్కువైతే ఉక్కు లోపలి రేణువులు పెద్దవవుతాయి. పైకి ఏమీ తెలియదు. మెరుగు పెట్టాక కత్తి అద్దంలా ఉంటుంది, కానీ కింద పడితే విరగవచ్చు.

కాబట్టి ఫొటోలో గట్టిదనం కనబడదు, రేణువుల పరిమాణం కనబడదు. కనబడేవి వేరే ఉన్నాయి. వాటిని గుర్తించగలవాళ్ల విమర్శ నిజంగా పనికొస్తుంది.

వాటిలో మొదటిది రంగు. గట్టిపరిచిన అలుగును బెల్ట్ గ్రైండర్ మీద అరగదీసేటప్పుడు పల్చటి అంచు క్షణాల్లో వేడెక్కుతుంది. ఉక్కు మీద పేరుకునే పల్చటి ఆక్సైడ్ పొర, తడి రోడ్డు మీద నూనె చుక్కలాగా, కాంతితో రంగులు చూపిస్తుంది. 200 డిగ్రీలు దాటుతుండగా లేత గడ్డి రంగు, 300 దగ్గరకు వచ్చేసరికి నీలం. అంచు మీద నీలం కనిపించిందంటే అక్కడ గట్టిదనం కొంత పోయినట్టే. అదే నీలం వెన్ను మీద ఉంటే కంగారు అక్కర్లేదు. అంచును నీళ్లలో ఉంచి, వెన్నును మాత్రం కావాలని వేడిచేసి మెత్తబరచడం మామూలే. ఒక చిక్కు ఉంది: నీలాన్ని గరుకు కాగితంతో రుద్దేస్తే రంగు పోతుంది, మెత్తదనం మిగిలిపోతుంది. నీలం లేదు కాబట్టి అంచు బాగుందని అనడానికి వీల్లేదు.

రెండోది మూలలు. అలుగు సన్నబడి పిడిలోకి దిగే చోట పదునైన మూల వదిలేస్తే బలమంతా అక్కడ పోగుపడుతుంది. పగులు మొన ఎంత పదునైతే అక్కడ ఒత్తిడి అంతగా పెరుగుతుందని సి.ఇ. ఇంగ్లిస్ 1913లోనే లెక్కగట్టి చూపారు. గుండ్రటి ఆకురాయితో ఆ మూలను కాస్త వంపు తిప్పితే ప్రమాదం చాలావరకు తగ్గుతుంది. పిడి తొడిగాక ఇది ఎవరికీ కనిపించదు. అందుకే పిడి తొడగకముందు తీసిన ఫొటో అడిగే విమర్శకుడికి పని తెలుసని అనుకోవచ్చు.

ఎక్కువ మెప్పు పొందేది మాత్రం అలుగు మీది అలల నమూనా. రెండు రకాల ఉక్కు పొరలను అతికించి, ఫెర్రిక్ క్లోరైడ్‌లో ముంచితే నికెల్ ఉన్న పొర మెరుస్తూ మిగులుతుంది, మరొకటి నల్లబడుతుంది. చూడ్డానికి అందమే, కోత గురించి మాత్రం అదేమీ చెప్పదు. నమూనా చూసి తప్పు తీర్పు చెప్పినవాళ్లలో మైకేల్ ఫారడే కూడా ఉన్నారు. తెలంగాణలోని కోనసముద్రం లాంటి చోట్ల మూసల్లో కరిగించి తీసిన ఉక్కుకు ఒకప్పుడు పర్షియా దాకా గిరాకీ ఉండేది. ఈ 'వుట్జ్' గుణానికి అల్యూమినియం, సిలికాలు కారణమని కమ్మరి కొడుకైన ఫారడే 1819లో భావించారు. అది నిలవలేదు. 1990లలో లోహశాస్త్ర ఆచార్యుడు జాన్ వెర్హోవెన్, కత్తుల కమ్మరి ఆల్ఫ్రెడ్ పెండ్రే కలిసి పనిచేశారు. ఒకరు సాగగొడితే, మరొకరు కోసి మైక్రోస్కోపు కింద పెట్టేవారు. వనేడియం లాంటి మలినాలు 0.01 శాతం కన్నా తక్కువున్నా ఆ అలలు ఏర్పడతాయని అలా తేలింది. కమ్మరి కన్నూ ప్రయోగశాల కన్నూ ఏళ్ల తరబడి ఒకదాన్నొకటి సరిదిద్దుకుంటేగానీ ఆ జవాబు దొరకలేదు.

విమర్శ ఎంత సరైనదైనా అది వినేవాడికి ఉపయోగపడుతుందా అన్నది మరో ప్రశ్న. 1996లో మనస్తత్వ శాస్త్రవేత్తలు అవ్రహం క్లూగర్, ఏంజెలో డెనిసీ అప్పటిదాకా వచ్చిన పరిశోధనల నుంచి 607 ఫలితాలను ఒకచోట చేర్చి లెక్కించారు. పని గురించి అభిప్రాయం చెబితే సగటున పని మెరుగుపడింది. కానీ మూడో వంతుకు పైగా సందర్భాల్లో అంతకుముందుకన్నా దిగజారింది. వినేవాడి ధ్యాస పని మీద నుంచి తన మీదకు మళ్లినకొద్దీ అభిప్రాయం ఫలం తగ్గుతుందని వాళ్ల వివరణ. తిట్టు ఒక్కటే కాదు, 'నువ్వు పుట్టుకతోనే కళాకారుడివి' అనే పొగడ్త కూడా ధ్యాసను అటే లాగుతుంది.

కత్తి విషయంలో ఇది పెద్ద చిక్కేమీ కాదు. 'నీకు గ్రైండింగ్ చేతకాదు' అనే బదులు 'అంచుకు కాస్త పైన మందం ఎంత ఉంది? క్యారెట్ కోస్తే తెగుతోందా, చీలుతోందా?' అని అడగవచ్చు. కూరగాయల కత్తికి అక్కడ మిల్లీమీటరులో మూడో వంతు మించితే క్యారెట్ చివర్లో టప్‌మని పగులుతుంది. ఆ ప్రశ్నకు జవాబు కొలబద్దతో దొరుకుతుంది, ఎవరి అహానికీ దెబ్బ తగలదు. అడిగించుకునేవాడి వంతూ ఉంది. 'ఎలా ఉంది?' అని ఊరుకుంటే 'బాగుంది' అనే వస్తుంది. ఉక్కు రకం, కాచిన తీరు, ఏ నూనె, అంచు మందం, ఏ పనికి చేసిందీ చెబితేనే ఎదుటివాడు తప్పు పట్టుకోగలడు.

కొన్ని ప్రశ్నలకు ఎవరినీ అడగనక్కర్లేదు. కొత్త ఆకురాయి గట్టిపడిన అంచు మీద పట్టు దొరక్క జారిపోతుంది. అయితే కొలిమిలో పైపొర నుంచి కార్బన్ పోయి ఉంటే, లోపల గట్టిగా ఉన్నా ఆకురాయి పైన కొరుకుతుంది. కాబట్టి రెండు మూడు సార్లు అరగదీసి మళ్లీ చూడాలి. పదునుపెట్టిన అంచును ఇత్తడి కడ్డీ మీద నొక్కుతూ జరిపితే అది కొద్దిగా వంగి తిరిగి రావాలి. వంగి ఉండిపోతే మెత్తన, పెచ్చులూడితే పెళుసు.

అన్నిటికన్నా నమ్మకమైనది అదే పట్టీ నుంచి కోసిన అంగుళం వెడల్పు ముక్క. కత్తితో పాటే కాచి, నూనెలో ముంచి, ఓవెన్‌కు పోకముందే దాన్ని వైస్‌లో పెట్టి, పైన గుడ్డ కప్పి, కళ్లకు అద్దాలు పెట్టుకుని సుత్తితో కొట్టాలి. విరిగిన ముఖం బూడిద రంగు మఖమల్‌లా ఉంటే రేణువులు సన్నగా ఉన్నట్టు. పంచదార పలుకుల్లా మెరిస్తే వేడి ఎక్కువైనట్టు. ఆ ముక్క ఫొటో కూడా కత్తి ఫొటో పక్కన పెడితే, చూసేవాళ్లు మాట్లాడుకోవడానికి పిడి లావు కాకుండా ఇంకేదైనా ఉంటుంది.