మంచులో బస: గదికన్నా ముందు గైడు

బచ్చన్నపేట రైతు పత్తి అమ్మబోతే మొదట చూసేది తేమ. 8 శాతం లోపుంటే పూర్తి మద్దతు ధర, 12 దాటితే భారత పత్తి సంస్థ (సీసీఐ) కొనదు. స్కీయింగ్ చేసేవాళ్లు మంచును చూసి అడిగేదీ అదే: ఇందులో నీరెంత? బాగా చలిగా ఉన్నప్పుడు కురిసిన కొత్త మంచు ఏకిన దూదిలా ఉంటుంది. పిడికిట పట్టి నొక్కినా ముద్ద కట్టదు, ఊదితే ఎగిరిపోతుంది. 10 సెంటీమీటర్ల మంచు కరిగిస్తే ఒక సెంటీమీటరు నీరు, ఒక్కోసారి అంతకన్నా తక్కువే వస్తుంది. దీన్నే పౌడర్ అంటారు.

మన దేశంలో ఈ పౌడర్‌కు పేరుపడ్డ చోటు కశ్మీర్‌లోని గుల్మార్గ్. శ్రీనగర్ నుంచి 50 కిలోమీటర్లు. ఊరు సుమారు 2,650 మీటర్ల ఎత్తున ఉంటే, గొండోలా (కేబుల్ కారు) రెండో దశ మనల్ని అఫర్వత్ కొండ మీద దాదాపు 3,950 మీటర్ల దాకా చేరుస్తుంది. అక్కణ్నుంచి చాలా భాగం బ్యాక్‌కంట్రీయే. అంటే యంత్రం చదును చేయని, కంచె లేని కొండ. కెనడాలో ఇలాంటి కొండల మధ్యనే లాడ్జీలుంటాయి, కొన్నింటికి హెలికాప్టర్‌లోనే వెళ్లాలి. గుల్మార్గ్‌లో మాత్రం ఊళ్లో బస చేసి, పొద్దున గొండోలా ఎక్కుతారు. అందుకే కిటికీలోంచి కొండ ఎంత బాగా కనిపిస్తుందన్నది ఇక్కడ చిన్న విషయం. ఆ కొండ మీదికి మనల్ని ఎవరు తీసుకెళ్తారన్నది పెద్ద విషయం.

ఎందుకో చూద్దాం. ఒక పలక మీద ఆవాలు చల్లి, వాటిపై చెక్క పెట్టి పలకను వంచండి. చెక్క ఒక్కసారిగా జారిపోతుంది. మంచు చరియ విరిగేదీ ఇలాగే. కింద గుల్లగా ఉన్న పాత పొర, మీద కొత్త మంచు బరువు, 30 నుంచి 45 డిగ్రీల వాలు. ఈ మూడూ కలిసినచోట ఒక్క మనిషి బరువు చాలు. 2010 ఫిబ్రవరి 8న గుల్మార్గ్ దగ్గర శిక్షణలో ఉన్న 17 మంది సైనికులు చరియ కింద చనిపోయారు. 2024 ఫిబ్రవరి 22న గుల్మార్గ్ దగ్గరి ఖిలన్‌మార్గ్ వైపు ఒక రష్యన్ స్కీయర్ ప్రాణం పోయింది. మంచులో కూరుకుపోయినవాళ్లను మొదటి పది పదిహేను నిమిషాల్లో తవ్వితీస్తే చాలామంది బతుకుతారు. ఆ తర్వాత ఆశ వేగంగా తగ్గిపోతుంది. అంత తక్కువ సమయంలో కాపాడగలిగేది పక్కనున్నవాళ్లే.

కాబట్టి డబ్బు కట్టేముందు ఫోన్‌లో నాలుగు సంగతులు అడగండి.

ఒకటి, గైడు ఎవరు, మంచు చరియల మీద శిక్షణ పొందారా, ఒక్కొక్కరి వెంట ఎంతమందిని పంపుతారు?

రెండు, సంకేతం పంపే బీకన్, మంచులో గుచ్చి వెతికే పొడవాటి ప్రోబ్ కర్ర, పార మనిషికొకటి ఇస్తారా, వాడటం నేర్పుతారా? మంచి చోట పొద్దున బయల్దేరేముందు గైడు ఎదురుగా నిలబడతాడు. ఒక్కొక్కరూ దాటుతుంటే వాళ్ల బీకన్ సంకేతం తన బీకన్‌లో వినిపించాలి. వినిపించకపోతే ఆ మనిషి కదలడు.

మూడు, తడిసిన బూట్లు ఆరబెట్టే గది ఉందా, వెచ్చదనం ఎలా? బుఖారీ పొయ్యి అయితే పొగ గొట్టం సరిగా ఉండాలి. మూసిన గదిలో దాన్ని రాత్రంతా వెలగనిస్తే కార్బన్ మోనాక్సైడ్ నిద్రలోనే చంపుతుంది. ఆరడం మాటకొస్తే, మన పత్తి బట్టలు ఒంటికి తగిలేలా వేసుకోవద్దు. చెమట పీల్చి ఆరవు, చలి పుట్టిస్తాయి. ఉన్ని మేలు.

నాలుగు, తేదీ మార్చుకోనిస్తారా? డిసెంబర్ 21న మొదలయ్యే నలభై రోజుల చిల్లై కలాన్ అసలు చలికాలం. అయినా 2024 జనవరిలో చాలా రోజులు గుల్మార్గ్ మంచు లేక బోసిపోయింది. మరోవైపు, మంచు ఎక్కువ కురిస్తే గుల్మార్గ్‌కు వచ్చే టంగ్‌మార్గ్ దారి ఇబ్బంది పెడుతుంది, గాలి ఎక్కువైతే గొండోలా ఆగిపోతుంది. రెండు రోజులు అదనంగా పెట్టుకోండి.

స్కీలు ఎన్నడూ తొడగనివారు నేరుగా పౌడర్‌లోకి దిగొద్దు. గుల్మార్గ్‌లోనే కేంద్ర పర్యాటక శాఖ శిక్షణ సంస్థ ఉంది. ముందు అక్కడ చదును చేసిన వాలు మీద నేర్చుకోవాలి. 2014 మే 25న ఎవరెస్ట్ ఎక్కిన మాలావత్ పూర్ణ కూడా మొదట మన పొరుగునున్న భువనగిరి బండ మీదే తాడు పట్టింది.

చివరగా ఇంకొక్క ప్రశ్న అడగండి: "మేం డబ్బు కట్టాక కూడా, మంచు బాగోలేకపోతే పైకి వద్దంటారా?" తడుముకోకుండా "వద్దంటాం" అన్నవాళ్ల దగ్గరే గది తీసుకోండి.