వారంటీ – వినియోగదారుని హక్కు

క్రయవిక్రయాలు ఆరంభమైననాడే కొనుగోలుదారునికి రక్షణ కావలసివచ్చింది. కౌటిల్యుని అర్థశాస్త్రంలో ‘విక్రీతక్రీతానుశయం’ అనే ప్రకరణం ఉన్నది. జరిగిన బేరాన్ని రద్దు చేసుకొనేందుకు వర్తకులకు ఒక రాత్రి, కర్షకులకు మూడు రాత్రులు, గోపాలకులకు ఐదు రాత్రులు గడువును అది విధించింది. సొమ్ము చేతులు మారినంత మాత్రాన బాధ్యత తీరిపోదన్న ఆ భావనే నేడు కంప్యూటరుతో పాటు లభించే వారంటీ పత్రంలోనూ కనిపిస్తుంది.

వారంటీ అనగా నిర్ణీత కాలంలోపల తయారీలోపం బయటపడినట్లయితే, వస్తువును ఉచితంగా బాగుచేస్తామని గాని, చెడిన భాగాన్ని మారుస్తామని గాని తయారీదారు ఇచ్చే లిఖితపూర్వకమైన హామీ. చేయిజారి పగిలినా, నీరు ఒలికి చెడినా సాధారణంగా ఇది వర్తించదు. విడిభాగాలను కూర్చి తయారుచేయించుకొన్న కంప్యూటరులో మానిటరుకు, హార్డ్‌డిస్కుకు, మదర్‌బోర్డుకు వేర్వేరు వారంటీలు ఉంటాయి. కావున ప్రతి భాగం సీరియల్ నంబరు బిల్లులో నమోదు కావాలి.

ఒక ఉదాహరణను పరిశీలిద్దాం. ఒక రైతు పత్తి అమ్మిన సొమ్ముతో కుమార్తె చదువు కోసం కంప్యూటరు కొన్నాడనుకొందాం. “బిల్లు లేకుంటే పన్ను తగ్గుతుంది” అన్న దుకాణదారుని మాటకు ఆయన తల ఊపాడు. ఎనిమిదవ నెలలో యంత్రం మొరాయించింది. “కంపెనీని అడగండి” అన్నాడు దుకాణదారు. “బిల్లు చూపండి” అన్నారు సర్వీసు కేంద్రంవారు. ఆ రైతుకు మిగిలినది కొద్దిపాటి పన్ను. చేజారినది విలువైన హక్కు.

కొన్ననాడే బిల్లు అడిగి తీసుకోవాలి. వారంటీ పత్రంపై తేదీని, దుకాణం ముద్రను వేయించుకోవాలి. మరమ్మతుకు ఇచ్చేటప్పుడు లోపాన్ని వివరించే రసీదు పొందాలి. ఫోనులో ఫిర్యాదు చేస్తే దాని సంఖ్యను రాసుకోవాలి. వారంటీ యంత్రానికే గాని, అందులో దాచిన సమాచారానికి కాదు. హార్డ్‌డిస్కును ఉచితంగా మార్చినా, పాతదానిలోని పాఠాలు, ఛాయాచిత్రాలు తిరిగిరాకపోవచ్చు. కనుక వాటి ప్రతిని వేరొకచోట భద్రపరచుకోవడం వివేకం.

ఇంత జాగ్రత్త వహించినా న్యాయం జరగనప్పుడు చట్టం అండగా నిలుస్తుంది. 1986 నాటి వినియోగదారుల రక్షణ చట్టం స్థానంలో 2019లో రూపొందిన కొత్త చట్టం 2020 జూలై 20న అమలులోకి వచ్చింది. మొదట జాతీయ వినియోగదారుల సహాయవాణి 1915కు ఫోను చేయవచ్చు. అక్కడ పరిష్కారం లభించనిచో జిల్లా వినియోగదారుల కమిషన్‌ను ఆశ్రయించవచ్చు. వస్తువును ఏ నగరంలో కొన్నప్పటికీ, తాను నివసించే జిల్లాలోనే ఫిర్యాదు చేసే వీలున్నది. వివాదానికి కారణం ఏర్పడిన నాటినుండి రెండేళ్లలోపు ఫిర్యాదు దాఖలు చేయాలి. చెల్లించిన ధర ఐదు లక్షల రూపాయలకు మించనప్పుడు రుసుము లేదు. న్యాయవాది లేకుండా స్వయంగా వాదించుకోవచ్చు. లోపాన్ని సరిచేయమని గాని, వస్తువును మార్చమని గాని, ధరను తిరిగి ఇమ్మని గాని కమిషన్ ఆదేశించగలదు. నష్టపరిహారం కూడా ఇప్పించగలదు.

నోటిమాట గాలిలో కలిసిపోతుంది, రాత నిలుస్తుంది. దానపత్రాలను మన పూర్వులు రాతిపైన, రాగిరేకులపైన చెక్కించినది అందుకే. నేటి వినియోగదారునికి చిన్న బిల్లే శాసనం. దానిని చేతబట్టుకొని సేవను కోరేవాడు యాచకుడు కాడు. మూల్యం చెల్లించి పొందిన హక్కును అడుగుతున్న పౌరుడు.